విన్నపము నుండి వాఙ్మూలమునకు: ప్రకాశం సంఘపు జమీందారీ విచారణ (1937-38)

క్రిందివాడు పైవానితో తన కష్టము చెప్పుకొనుటకు తెలుగున మాటలు పెక్కు కలవు. విన్నపము, మొర, మనవి, అర్జీ, ఫిర్యాదు మొదలగునవి అట్టివి. వీనిలో విన్నపము సంస్కృత విజ్ఞాపన శబ్దభవము. అర్జీ అరబ్బీ నుండియు, ఫిర్యాదు పారసీకము నుండియు కచేరీల ద్వారా మన భాషలోనికి వచ్చినవి. పుట్టుక వేరైనను వీని వెనుకనున్న సన్నివేశ మొక్కటియే. చెప్పువాడు నిలిచియుండును, వినువాడు కూర్చుండియుండును. వినుట అతని ధర్మము కావచ్చును, దయ కావచ్చును. కాని వినకున్నచో ఏల వినలేదని యడుగువాడు లేడు.

వాఙ్మూలమను మాట తీరు వేరు. ఒకడు పలికిన పలుకు వ్రాతకెక్కి, అతని పేరనే నిలిచి, పిమ్మట జరుగు నిర్ణయమునకు ఆధారమైనప్పుడు అది వాఙ్మూల మగుచున్నది. దానిని త్రోసిపుచ్చవలెనన్నను కారణము చెప్పవలసియుండును. ప్రజలచే నెన్నుకోబడినవాడు ప్రజల కష్టములను బహిరంగముగా వినుటయను ఆచారము ఆంధ్రదేశమున ఎట్టి పరిస్థితులలో రూపొందినది, ఆ వినికిడి వలన విన్నపము వాఙ్మూలముగా మారినదా, మారినచో ఎంతవరకు మారినది అను ప్రశ్నలను పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము. ఇందులకు 1937-38 సంవత్సరములలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జరిగిన జమీందారీ విచారణను ప్రధానాధారముగా గైకొనుచున్నాను.

ఈ విచారణ విశిష్టత తెలియవలెనన్నచో దానికి పూర్వము రైతు మాట ఎవరి చెవిని పడుచుండెనో ముందుగా చూడవలెను. రైత్వారీ ప్రాంతములలో ఏటేట జరుగు జమాబందీ రైతునకు ప్రభుత్వోద్యోగితో ముఖాముఖి కలుగు సందర్భము. ఆ యేటి శిస్తు లెక్కలు తేలునది అప్పుడే. పంట పోయినదనియు, చెరువు తెగినదనియు చెప్పుకొని వజా కోరుకొనునదియు అప్పుడే. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన తామస్ మన్రో ఊరూరు తిరిగి, గుడారములో విడిసి, రైతులతో వారి భాషలో మాటలాడిన యధికారిగా పేరు పొందెను. పిదప మద్రాసు గవర్నరై యుండి, మరల ఆ ప్రాంతముననే పర్యటించుచు 1827 జూలై 6న నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండలో కలరా సోకి మరణించెను. ఆతని యెడ రాయలసీమ ప్రజలు చూపిన యాదరము చరిత్ర ప్రసిద్ధము. అయినను మన్రో వినుట సద్గుణమే కాని వ్యవస్థ కాదు. ఆతని తరువాత వచ్చిన కలెక్టరు వినకున్నచో రైతు చేయగలిగిన దేమియు లేదు. జమాబందీ ముగిసి గుడారము లేచిన పిమ్మట రైతు చెప్పిన దానికి వేరొక జాడ నిలుచుట యరుదు.

ఎన్నికైన ప్రతినిధి యొకడు ఈ రాజధానిలో రైతుల గోడు వినుటకు వచ్చుట 1853లో జరిగినది. అతడు మన రైతులచే నెన్నుకోబడినవాడు కాదు. ఇంగ్లండులోని పూల్ పట్టణమునకు పార్లమెంటు సభ్యుడైన డాన్బీ సీమర్. అంతకు ముందటి యేడు, అనగా 1852లో, మద్రాసులోని తెలుగు వర్తక ప్రముఖుడు గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, ప్రజల కష్టములను వివరించు మహజరును పార్లమెంటునకు పంపియుండెను. సీమర్ వచ్చినప్పుడు శ్రేష్ఠి ఆతనిని వెంటబెట్టుకొని జిల్లాలలో త్రిప్పి, శిస్తు వసూలునకై రైతులను పెట్టు చిత్రహింసలను స్వయముగా తెలిసికొనునట్లు చేసెను. 1854లో ఈ విషయము పార్లమెంటున చర్చకు వచ్చెను. తత్ఫలితముగా మద్రాసులో విచారణ సంఘ మేర్పడి, 1855లో నివేదిక నొసగినది. సుమారు రెండువేల ఫిర్యాదులు ఆ సంఘము ముందునకు వచ్చినవి. దూరప్రాంతముల నుండి నడచి వచ్చి చెప్పుకొన్నవారును వారిలో కలరు.

హింస జరుగుచున్నదని ఆ సంఘము తేల్చినది. అయితే తమ్ము అంతకంటె ఎక్కువగా బాధించిన విషయము మరియొకటి యున్నదని కూడ సభ్యులు వ్రాసిరి: బాధితునకు పరిహారము దొరకు దారి లేకుండుట. ఇది గమనింపదగినది. కష్టముకంటె కష్టము చెప్పుకొను చోటు లేకపోవుట పెద్ద కొరతయని ప్రభుత్వము నియమించిన సంఘమే యంగీకరించినది. కాని ఈ విచారణ ఒక్కమారు జరిగి ముగిసిన కార్యము. సీమర్ కు వోటు వేయువారు సముద్రమున కావలనుండిరి. ఇక్కడి రైతునకు ఆతడు దయగల అతిథి మాత్రమే.

ఇక జమీందారీ ప్రాంతముల స్థితి ఇంతకంటెను విషమము. 1802లో పర్మనెంటు సెటిల్మెంటు అనబడు శాశ్వత శిస్తు నిర్ణయము ఈ రాజధానిలో శాసనరూపము దాల్చినది. జమీందారు ప్రభుత్వమునకు చెల్లింపవలసిన పేష్కషు శాశ్వతముగా నిర్ణయమైనది. రైతు జమీందారునకు చెల్లింపవలసిన శిస్తు మాత్రము అట్లు స్థిరపడలేదు. 1865 శాసనము పట్టా, ముచ్చలికల మార్పిడిని నిర్బంధము చేసినది. 1908 నాటి ఎస్టేట్సు ల్యాండు చట్టము రైతునకు భూమిపై స్థిరమైన సాగుహక్కు నొసగినది. అయినను శిస్తు హెచ్చింపు, చెరువులు మరమ్మతు లేక పూడిపోవుట, అడవిలో వంటచెరకునకును, బీళ్లలో పశువుల మేతకును పుల్లరి మొదలగు రుసుములు, మామూళ్లు, వెట్టి యను బాధలు తీరలేదు. జమాబందీలో కలెక్టరునకు చెప్పుకొందమన్న, ఇది ప్రభుత్వభూమి కాదు. జమీందారు కచేరీలో చెప్పుకొందమన్న, ఎవరిపై ఫిర్యాదో వారే న్యాయాధిపతులు. సివిలు కోర్టునకు పోవుటకు రైతునకు ధనము చాలదు.

ఇందువలననే ఆంధ్ర రైతు తన మాట వినిపించుకొనుటకు సంఘముగా నేర్పడవలసి వచ్చినది. 1928లో ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘ మారంభమైనది, ఎన్. జి. రంగాగారు మొదలగువారు దానికి ప్రాణమైరి. నెల్లూరి నుండి వెలువడిన 'జమీన్ రైతు' పత్రిక పేరే దాని ధ్యేయమును తెలుపుచున్నది. వెంకటగిరి మొదలగు సంస్థానములలో రైతుల యాందోళనము పత్రికల కెక్కినది. కచేరీ యరుగు క్రింద ఒంటరిగా నిలిచినవాడు ఇప్పుడు సభలో పదిమందితో కూర్చుండి తీర్మానము చేయసాగెను.

1935 భారత ప్రభుత్వ చట్టము ననుసరించి 1937 ఆరంభమున ఎన్నికలు జరిగినవి. మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో కాంగ్రెసు 159 గెలుచుకొన్నది. బొబ్బిలి నియోజకవర్గమున బొబ్బిలి రాజాగారు వి. వి. గిరిగారి చేతిలో నోడిపోయిరి. నాటి వోటుహక్కు ఆస్తి, పన్ను, విద్య యను అర్హతలపై నాధారపడినదే; సార్వజనికము కాదు. అట్లయ్యు, పట్టా గల రైతు వోటరైనాడు. తాను శిస్తు చెల్లించు ప్రభువును తన వోటుతో ఓడింపగలనని అతనికి తెలిసినది. జూలైలో రాజాజీగారి నాయకత్వమున మంత్రివర్గ మేర్పడినది; ప్రకాశం పంతులుగారు రెవిన్యూ మంత్రియైరి. ఎస్టేట్సు ల్యాండు చట్టము అమలున్న ప్రాంతముల స్థితిగతులను విచారించుటకై శాసనసభ్యులతో కూడిన సంఘము అదే సంవత్సరమున పంతులుగారి అధ్యక్షతన నియమింపబడినది. ప్రకాశం కమిటీ యని ప్రసిద్ధి కెక్కినది ఇదియే.

సంఘము పని చేయుచున్న కాలముననే మరియొక యాత్ర జరుగుచుండెను. రైతుల రక్షణకై ఉత్తరమున ఇచ్ఛాపురమున బయలుదేరిన రైతు దండు తొమ్మిది జిల్లాల మీదుగా 130 దినములు నడచి, 1,500 మైళ్లకు పైగా ప్రయాణించి మద్రాసు చేరినది. దారిలో వందలకొలది సభలు జరిపి 1,100కు పైగా అర్జీలను పోగుచేసి, వానిని 1938 మార్చి 27న శాసనసభకు సమర్పించిరి. ఒకవైపు మంత్రి రైతు కడకు బయలుదేరుట, వేరొకవైపు రైతు శాసనసభ కడకు నడచుట, రెండును ఒకే శీతకాలమున జరిగినవి. ఈ రెంటిని వేరుచేసి చూడరాదు. వినుటకు వచ్చినవాని సౌజన్యము నొక్కదానినే చరిత్రకారుడు ప్రశంసించినచో, వినక తప్పని పరిస్థితిని కల్పించిన వేలాది పాదములను మరచిన వాడగును.

విచారణ జరిగిన తీరున మూడు విశేషములు కలవు. మొదటిది, ఇరుపక్షములును విన్నపములతో గాక వాదములతో వచ్చుట. జమీందారులు తమ సన్నదులను, దస్తావేజులను, న్యాయవాదులను తెచ్చుకొనిరి. రైతులు తమ పట్టాలను, రసీదులను, సంఘ ప్రతినిధులను తెచ్చుకొనిరి. సంఘము రాజధానిలోని జమీందారీ ప్రాంతములలో సంచరించి ఇరువురి వాఙ్మూలములను బహిరంగముగా స్వీకరించినది. కచేరీలో ప్రభువెదుట నిలిచిన రైతు, ఇచ్చట ప్రభువుతో సమానముగా ఒక పక్షమైనాడు. బారిష్టరుగా పేరొందిన పంతులుగారికి సాక్షిని విచారించు పద్ధతి కొత్త కాదు.

రెండవది, విడివిడి కష్టములను ఒక ప్రశ్న క్రిందికి తెచ్చుట. జమాబందీలో ఒక రైతుకు వజా దొరకిన, ప్రక్కరైతున కది దొరకవలెనను నియమము లేదు. ప్రకాశం సంఘము ఫలానా రైతుకు ఎంత తగ్గింపవలెనని యడుగలేదు. భూమి యెవరిది, 1802లో జమీందారున కిచ్చినది భూమియా, శిస్తు వసూలు చేయు అధికారమా అని యడిగినది. ఒకని చెరువు, ఒకని పుల్లరి, ఒకని శిస్తు బకాయి యన్నియు ఆ ప్రశ్నకు దృష్టాంతములైనవి.

మూడవది, విన్నదంతయు అచ్చగుట. నివేదికతోపాటు సాక్ష్యములును, ఉభయుల వినతిపత్రములును సంపుటములుగా వెలువడినవి. సంఘము తీర్పుతో ఏకీభవింపనివాడు సైతము ఆ సంపుటములను తెరచి, ఎవరేమి చెప్పిరో చూచి, తీర్పు సరియా కాదా యని నిర్ణయించుకొనవచ్చును. గుడారముతోపాటు లేచిపోవు వినికిడికిని, ఈ వినికిడికిని గల భేద మిదియే.

1938లో సంఘము నివేదిక నొసగినది. భూమికి యజమాని రైతే యనియు, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమే యనియు, రైతు చెల్లింపవలసినది శాశ్వత నిర్ణయము నాటి శిస్తే యనియు అధిక సంఖ్యాకులైన సభ్యుల యభిప్రాయము. భిన్నాభిప్రాయములును నివేదికతో జతపడినవి. 1939లో శాసనసభ ఈ సూచనల నామోదించినది. శాసనము మాత్రము రూపొందలేదు. యుద్ధ మారంభమగుటతో ఆ యేటి అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా నిచ్చినది. నివేదిక బీరువా కెక్కినది.

విని, తీర్పు చెప్పి, చేయకపోయినచో నేమగునో మందసా చెప్పును. నేటి శ్రీకాకుళం జిల్లాలోని ఆ జమీందారీలో, అడవి నుండి కట్టెలు తెచ్చుకొను హక్కు విషయమున రేగిన సంఘర్షణ ఫలితముగా 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులు జరిగినవి. వీరగున్నమ్మ మొదలగు రైతులు ప్రాణములు కోల్పోయిరి. వంటచెరకు హక్కు సంఘము విచారించిన విషయములలోనిదే. వినువాడు లేనినాటి బాధకంటె, విన్నవాడు తిరిగి రానినాటి బాధ తీవ్రమగుట సహజము. మొదటి దానిలో ఆశ లేదు, రెండవ దానిలో ఆశ భంగమైనది.

యుద్ధానంతరము 1946 ఏప్రిల్ లో పంతులుగారే మద్రాసు ప్రధానులైరి. 1947 మార్చిలో వారి మంత్రివర్గము పడిపోయినది. వారి పిదప వచ్చిన ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారి ప్రభుత్వము 1947లో శిస్తు తగ్గింపు చట్టమును, 1948లో జమీందారీల రద్దు చట్టమును చేసినది. జమీందారులకు పరిహార మిచ్చుటకు ఈ చట్ట మంగీకరించినది. కావున 1938 నాటి సూచనలు యథాతథముగా శాసనమైనవని చెప్పరాదు. అయినను పదేండ్ల క్రిందట అచ్చయిన వాఙ్మూలములు లేనిచో శాసనసభలో ఈ ప్రశ్నకు అంతటి పునాది యుండెడిది కాదు. మంత్రివర్గము పోయినను, యుద్ధము వచ్చినను, కాగితముపై నిలిచిన మాట నిలిచియే యున్నది.

ఈ విచారణకు హద్దులును కలవు. చట్టమున రైతనగా జమీందారునకు శిస్తు చెల్లించు సాగుహక్కుదారు. అతని క్రింద కౌలునకు చేయువాడు, పాలేరు, కూలి యీ విచారణకు కేంద్రము కారైరి. వెట్టి మోసినవారిలో అధికులు పట్టా లేనివారే. వారికి వోటును లేదు. ఎవరికి వోటు కలదో వారి మాటయే ఎక్కువగా వినబడినది. సీమర్ విషయమున మనము చెప్పిన మాట ఇచ్చటను వర్తించును: ఎన్నికైనవాని చెవి తన్నెన్నుకొన్నవారి వైపునకే తిరుగును. 1952లో వయోజనులందరి వోటుతో తొలి సార్వత్రిక ఎన్నికలు జరుగువరకు ఈ లోపము తీరు మార్గము లేకుండెను.

అందరకు వోటు వచ్చిన పిదప వినుట యేరూపము దాల్చినదని యడుగుట యుచితము. రచ్చ యను మాట రథ్య శబ్దభవమని నిఘంటుకారులు చెప్పుదురు. వీధి యను అర్థము నుండి పదుగురు కూడు చోటను అర్థము వచ్చినది. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెతలోని రచ్చ యిదియే. రచ్చబండపై కూర్చున్నవాడు అర్జీదారు కాడు, ఊరివాడు. ఈ పేరుతో ప్రజలను నేరుగా కలిసికొను కార్యక్రమమునకై చిత్తూరు జిల్లాకు బయలుదేరిన నాటి ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు 2009 సెప్టెంబరు 2న నల్లమల యడవులలో హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. 2011లో ఆ పేరిటనే ప్రభుత్వము ఊరూర సభలు జరిపినది. 2023 డిసెంబరులో హైదరాబాదున తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు ఆరంభించిన ప్రజాదర్బారు కొలది దినములకే ప్రజావాణి యను పేరు దాల్చినది. దర్బారను మాట ప్రజాస్వామ్యమునకు తగదని తోచుటయే యొక మేలిసూచన.

పేర్లు మారినవి, లోపలి పద్ధతి యెంత మారినదో చూడవలెను. ఇట్టి సభలలో ప్రధానముగా స్వీకరింపబడునవి అర్జీలు. రేషను కార్డు, పింఛను, ఇల్లు, భూమి పాసుపుస్తకము అను విషయములపై ఒక్కొక్కరు ఒక్కొక్క కాగిత మందింతురు. ఇవి యల్పములు కావు. పింఛను రాని వృద్ధురాలికి అదియే సర్వము. కాని ఒక గ్రామమున నూరు మంది ఒకే కష్టమును నూరు కాగితములపై వ్రాసియిచ్చినప్పుడు, ఆ నూరింటి వెనుకనున్న ఒక్క ప్రశ్నను తీసి చట్టసభ ముందుంచు పని జరుగనిచో, అది జమాబందీయే యగును. కలెక్టరు గుడారమునకు మారుగా మంత్రి వేదిక వచ్చినదని మాత్రము చెప్పవలెను. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము దాని ననుసరించినది. గ్రామసభలో వోటరు సభ్యుడు. అతడచ్చట అర్జీ పెట్టుకొనడు. అడుగును, చర్చించును, తీర్మానించును. రచ్చబండ యను ప్రాచీన నామమునకు తగిన రూపము ఇచ్చట నున్నది.

ప్రకాశం పంతులుగారి విచారణ నుండి మనకు తేలు విషయ మొక్కటి. ఎన్నికైనవాడు ప్రజలలోనికి వచ్చుట మంచిదే. వచ్చినవాడు ఓపికతో వినుట మరింత మంచిది. అయినను వినికిడి విలువ వినువాని మంచితనమున లేదు. విన్నమాట వ్రాతయై, ఆ వ్రాత అందరకు తెరచిన పుస్తకమై, దానికి బదులు చెప్పు బాధ్యత చట్టసభపై పడుటలో నున్నది. మన్రోలో మంచితనము కలదు, బాధ్యత లేదు. ప్రకాశం సంఘమున బాధ్యతకు దారి యేర్పడినది. ఆ దారి చివర చేరుటకు పదేండ్లు పట్టినది.

ఈ విషయమున తెలుగు శాఖలు చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. ప్రకాశం సంఘపు నివేదికయు, సాక్ష్య సంపుటములును ఆంగ్లమున అచ్చయినవి. మన రైతు పలికినది తెలుగున. పట్టా, ముచ్చలిక, అంబారము, పుల్లరి, మామూలు, వెట్టి మొదలగు పదములు ఆంగ్లాక్షరములలో అచ్చటచ్చట తలలెత్తి, ఆ పలుకుబడి యెట్టిదో మనకు సూచించుచున్నవి. నాటి తెలుగు పత్రికలను, రైతు సంఘముల కరపత్రములను, జమీందారీ గ్రామములలో మిగిలిన పట్టాలను, రసీదులను ఆ సంపుటములతో సరిపోల్చి చదివినచో, వాఙ్మూలము వెనుకనున్న వాక్కు కొంతవరకైనను మనకు దక్కును. చరిత్ర విద్యార్థికి అది సాక్ష్యము, భాషా విద్యార్థికి పదకోశము. ఆనాడు తన మాట వ్రాసికొనుటకు సంఘము ముందు నిలిచిన రైతునకు, ఆ మాటను అతని భాషలోనికి తిరిగి తెచ్చి యొప్పగించుట మనము తీర్పవలసిన ఋణము.